జెనోవాలో రెండు రోజులు: పొద్దున రేవు, సాయంత్రం కొండ

మిలాన్‌లో కాపురమున్న తెలుగువాళ్ల ఇళ్లకు ఊరి నుంచి చుట్టాలు దిగితే వరుస మారదు. వెనిస్, ఫ్లోరెన్స్, రోమ్, దారిలో పీసా గోపురాన్ని చేత్తో నిలబెడుతున్నట్టు ఒక ఫొటో. జెనోవా మాట ఎత్తితే "అక్కడ ఏముందమ్మా, రేవే కదా" అంటారు. రేవే. వందల ఏళ్లుగా ఓడలు వచ్చిపోతూనే ఉన్న రేవు. దాని చుట్టూ అల్లుకున్న పాత ఊరు పర్యాటకుల కోసం ముస్తాబై కూర్చోలేదు, దాని పనిలో అది ఉంటుంది. శుక్రవారం సాయంత్రం బయలుదేరి ఆదివారం రాత్రికి ఇల్లు చేరాలనుకునేవాళ్లకు ఉత్తర ఇటలీలో ఇంతకు మించిన ఊరు నాకు తెలియదు.

ఒకటే షరతు. "ఎలాగూ అంతదూరం వెళ్తున్నాం కదా" అంటూ చింక్వె తెర్రెను ఇందులో ఇరికించకండి. సముద్రం అంచున ఉన్న ఆ అయిదు పల్లెలు అందమైనవే, కాదనను. కానీ వాటికి ఒక రోజు పోతే, జెనోవాకు దక్కేది స్టేషను ముందున్న కొలంబస్ విగ్రహం, ఒక కాఫీ. మన చుట్టాల్లో చాలామంది చూసిన జెనోవా అదే. అందుకే వాళ్లకు అక్కడ ఏమీ కనిపించలేదు.

ముందు ఊరి అమరిక అర్థం చేసుకోవాలి. సముద్రం నుంచి నాలుగడుగులు వేస్తే కొండ మొదలవుతుంది. మధ్యలో చదునైన నేల లేదు. చోటు లేక ఊరు నిలువునా పెరిగింది: నీటి పక్కన రేవు, దాని వెనక ఆరేసి అంతస్తుల ఇళ్ల మధ్య మీటరు, రెండు మీటర్ల వెడల్పు సందులు, వాటి పైన వర్తకుల భవంతుల వీధి, ఆ పైన కొండ మీద మామూలు జనం ఉండే పేటలు. బస్సుల్లాగే లిఫ్టులు, కొండ ఎక్కే కేబుల్ రైళ్లు కూడా ఇక్కడ ఊరి రవాణాలో భాగం. పాలు, కూరగాయలు పట్టుకుని ఇంటికి పోయే పెద్దవాళ్లు వాటిలోనే పోతారు. నా పద్ధతి దీనికి తగ్గట్టే ఉంటుంది. పొద్దున్నే కింద రేవులో మొదలుపెట్టి, పొద్దు వాలే వేళకు పైకి చేరేలా నడక పెట్టుకుంటాను. తిరగేస్తే మిట్టమధ్యాహ్నం మెట్లు ఎక్కాల్సి వస్తుంది. సందుల్లోకి వెలుతురు కూడా మధ్యాహ్నంలోపే కాస్త దిగుతుంది.

మిలాన్ సెంట్రల్ నుంచి రైలుకు గంటన్నర, నెమ్మదిగా పోయేదైతే రెండు గంటలు. ఊళ్లో రెండు పెద్ద స్టేషన్లున్నాయి. పాత ఊరికి పియాజ్జా ప్రిన్చిపె దగ్గర. రెండోది బ్రిన్యోలె, ఆదివారం పనికొస్తుంది. ప్రాంతీయ రైలుకు కాగితం టికెట్ కొంటే ఎక్కేముందు ప్లాట్‌ఫారం మీది యంత్రంలో ముద్ర వేయించుకోవాలి, లేదంటే జరిమానా. ఏప్రిల్ నుంచి జూన్ దాకా, మళ్లీ సెప్టెంబరులో వాతావరణం బాగుంటుంది. ఆగస్టు నడిమిలో సగం కొట్లు మూసి జనం సెలవులకు పోతారు. అక్టోబరు, నవంబరు నెలల్లో కొండ మీద కురిసిన వాన అంతా ఒక్కసారిగా ఊళ్లోకి దిగుతుంది. 2011లోనూ 2014లోనూ వరదలు వచ్చింది అప్పుడే. ఆ రోజుల్లో వెళ్తే వాతావరణ హెచ్చరికలు చూసుకునే బయలుదేరండి.

బస సంగతి. వయా బాల్బి, వయా గరిబాల్ది, దె ఫెర్రారి కూడలి, ఈ మూడింటి చుట్టుపక్కల చూసుకోండి. వయా ప్రె, మద్దలేనా వైపు సందులు పగలు బాగానే ఉంటాయి, చీకటి పడ్డాక కుటుంబంతో తిరగడానికి అనువైనవి కావు. గది ఖాయం చేసుకునే ముందు రెండు ప్రశ్నలు అడగండి: లిఫ్టు ఉందా, ఇంటి గుమ్మం దాకా కారు వస్తుందా. రెండింటికీ "లేదు" అన్న జవాబే వస్తే అమ్మానాన్నలను అక్కడ దింపకండి. రాళ్లు పరిచిన సందుల్లో చక్రాల పెట్టె లాగితే వీధంతా నిద్ర లేస్తుంది, చక్రాలూ మిగలవు.

చిరునామాల్లో ఒక తిరకాసు ఉంది. జెనోవాలో ఒకే వీధికి రెండు వరుసల నంబర్లుంటాయి. ఇళ్లకు నల్ల నంబర్లు, కొట్లకు, హోటళ్లకు ఎర్ర నంబర్లు. 28 నల్లది ఈ చివర, 28 ఎర్రది ఆ చివర ఉండవచ్చు. కాగితం మీద అంకె పక్కన ఆర్ అక్షరం ఉంటే అది ఎర్రది. ఫోనులో మ్యాపు సందుల్లో తికమకపడుతుంది, ఇళ్లు మరీ ఎత్తు. దారి తప్పితే కంగారు పడాల్సిన పని లేదు. పల్లం ఎటుంటే అటు నడవండి, రేవులో తేలతారు.

శుక్రవారం రాత్రికి పెద్ద పనేమీ పెట్టుకోకండి, ఫరినాతా తిని పడుకోండి. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. మన బజ్జీల పిండి కంటే చాలా పలుచగా కలిపి, కొన్ని గంటలు నాననిచ్చి, పైకి తేలిన నురగ తీసేసి, కళాయి పూసిన పెద్ద రాగి పళ్లెంలో పోసి కట్టెల పొయ్యిలో పెడతారు. అంచులు కరకరలాడుతాయి, నడుమ మెత్తగా ఉంటుంది. పైన మిరియాల పొడి చల్లి వేడివేడిగా ఇస్తారు. పళ్లెం పొయ్యిలోంచి వచ్చిన నిమిషంలోనే తినాలి. అద్దాల బీరువాలో చల్లారి ఉన్న ముక్క చూపిస్తే "తర్వాతి పళ్లెం ఎప్పుడు?" అని అడిగి నిలబడండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఇదే పిండిని ఉడికించి, గడ్డకట్టించి, ముక్కలు కోసి వేయించేది పనిస్సా. రెండూ శాకాహారమే.

శాకాహారం గురించి ఇంకో నాలుగు మాటలు, ఎందుకంటే మొదట అడిగేది అదే. తులసి జాతి ఆకు బాసిలికోతో రోట్లో నూరే పెస్తో ఈ ఊరిదే. ఆకు, పైన్ గింజలు, వెల్లుల్లి, ఉప్పు, ఆలివ్ నూనె, రెండు రకాల చీజ్. ఊరి పడమటి అంచున ప్రా అనే పేటలో పెరిగే చిన్న ఆకే అసలైనదని ఇక్కడివాళ్ల పట్టుదల. పాస్తాతో పాటు ఉడికించిన బంగాళాదుంప, బీన్స్ వేసి కలిపితే అది ఇక్కడి పద్ధతి. అక్రోటు సాస్ పోసిన పన్సోతి అనే పాస్తా, పెస్తో కలిపిన కూరగాయల మినెస్త్రోనె సూపు కూడా దొరుకుతాయి. ఇటలీ పార్మిజానో చీజ్‌లో దూడ కడుపు నుంచి తీసే పదార్థం వాడతారని మాత్రం పట్టింపు ఉన్నవాళ్లు తెలుసుకోవాలి. ఫొకాచ్చా రొట్టె చాలాచోట్ల ఆలివ్ నూనెతోనే చేస్తారు, అక్కడక్కడ పంది కొవ్వు కలుపుతారు. "స్త్రుత్తో ఉందా?" అని ఒక్క మాట అడగండి. చేపలు తినేవాళ్లకు రేవు ఎదురుగా సొత్తొరీపా వరండాల్లో వేయించి కాగితం పొట్లంలో కట్టిచ్చే చిన్న చేపలున్నాయి. భోజనం బిల్లులో "కొపెర్తో" అని కనిపిస్తే మోసం కాదు, కూర్చున్నందుకు తలకు ఇంత అని అందరి దగ్గరా తీసుకుంటారు.

శనివారం పొద్దున కాఫీ బారులో నిలబడి ఫొకాచ్చా, కపుచ్చీనో తీసుకోండి. పక్కన నిలబడ్డ పెద్దమనిషి ఉప్పటి రొట్టెను పాల కాఫీలో ముంచుకుని తింటూ కనిపిస్తే తేరిపార చూడకండి, మీరూ ముంచండి. నాకు నచ్చింది. మా ఆయన ఇప్పటికీ మొహం చిట్లిస్తారు.

తర్వాత సాన్ లొరెంజొ పెద్ద చర్చి. నలుపు, తెలుపు రాళ్ల చారల గోడలు బయట చూసేసి చాలామంది వెళ్లిపోతారు, లోపలికి వెళ్లి కుడి పక్కకు తిరగండి. గోడ పక్కన నిలువెత్తు ఇనుప గుండు ఒకటి నిలబెట్టి ఉంటుంది. 1941 ఫిబ్రవరి 9న బ్రిటిష్ యుద్ధనౌకలు సముద్రం మీంచి ఊరిని కొట్టినప్పుడు చర్చి గోడ తొలుచుకుని లోపలికి వచ్చి పడ్డ ఫిరంగి గుండు అది. పేలలేదు. ఆ రోజు ఊళ్లో గుండ్లు పేలాయి, మనుషులు పోయారు. ఇది ఎందుకు పేలలేదో దేవుడికే వదిలేసి, కృతజ్ఞతగా అక్కడే ఉంచారు. పిల్లలు దాన్ని తడిమి చూస్తుంటారు. భూగర్భంలోని ఖజానాలో ఆకుపచ్చ గాజు పాత్ర ఒకటుంది, శతాబ్దాల పాటు మరకతమని నమ్మి కొలిచారు. నెపోలియన్ పారిస్‌కు పట్టుకుపోతే విరిగి తిరిగొచ్చింది.

అక్కడి నుంచి పల్లానికి దిగితే సాన్ జోర్జొ భవనం, గోడలంతా రంగుల బొమ్మలు. 1260లో కట్టిన భాగం వెనక, ఇటుకలతో ఉంటుంది. 1407 నుంచి ఇక్కడ నడిచిన బ్యాంకు యూరప్‌లోని తొలి బ్యాంకుల్లో ఒకటి. ఇప్పుడు లోపల రేవు అధికారుల కార్యాలయం. పర్యాటకులు ఒక ఫొటో తీసుకుని ఆక్వేరియం వైపు నడిచిపోతారు. తెలుగువాళ్లు మాత్రం ఇక్కడ ఆగాలి. వెనిస్, జెనోవా ఒకదాన్నొకటి నరుక్కుంటున్న రోజుల్లో వెనిస్ వర్తకుడు మార్కో పోలో జెనోవాకు బందీగా చిక్కాడు. 1298లో చెరలో కూర్చుని, తోటి ఖైదీ, పీసా వాడైన రుస్తిచెల్లోకు తన ప్రయాణాలన్నీ చెప్పి రాయించాడు. ఆ చెర ఈ భవనమేనని ఊరి నమ్మకం. ఆ పుస్తకంలో ముత్ఫిలి అని ఒక రాజ్యం వస్తుంది. అది మన మోటుపల్లి రేవు. న్యాయం తప్పకుండా ఏలే రాణి అని ఆయన మెచ్చుకున్నది రుద్రమదేవిని. గణపతిదేవుడి కూతురిని భార్య అనుకున్నాడు, అదొక్కటే తేడా. కొండ లోయల్లోకి మాంసపు ముద్దలు విసిరితే వాటికి వజ్రాలు అతుక్కుంటాయని, గద్దలు వాటిని ఎత్తుకొస్తాయని కథ కూడా చెప్పాడు. సాలెగూడులా పలుచనైన బట్ట అక్కడ నేస్తారని రాయించాడు. మాది చీరాల, మోటుపల్లి దగ్గరే. అక్కడి వీరభద్రుడి గుడి మండపంలో గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించిన అభయ శాసనం స్తంభం ఇప్పటికీ ఉంది. తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును ఇదివరకటి రాజులు లాక్కునేవారు, మేం నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోం అని పరదేశి వర్తకులకు ఇచ్చిన మాట అది. ఆ మాటను నమ్మి వచ్చిన ఓడల పుణ్యమా అని మా ఊరి వైపు బట్ట సంగతి ఈ గోడల మధ్య సిరా ఎక్కిందంటే, రేవు పక్కనే నిలబడి ఐదు నిమిషాలు ఆలోచించుకోవడానికి సరిపోతుంది. చుట్టాలను తీసుకెళ్తే ఇక్కడ నేను ఆపకుండా మాట్లాడతాను, ఎండలో నిలబెట్టి.

ఆక్వేరియం సంగతి కూడా చెప్పాలి. కొలంబస్ ప్రయాణానికి 500 ఏళ్లు నిండిన సందర్భంగా 1992లో పాత రేవును తిరిగి దిద్దిన వాస్తుశిల్పి రెంజో పియానో ఈ ఊరివాడే. ఆక్వేరియం అప్పటిదే. బాగుంటుంది, పెద్దది, టికెట్ ఖరీదైనది, సగం పూట తినేస్తుంది. పదేళ్ల లోపు పిల్లలుంటే వెళ్లండి, లేకపోతే ఆ పూట సందులకు ఇవ్వండి. వాన పడితే పక్కనే గలాతా సముద్ర మ్యూజియం ఉంది. తెరచాపలు, తెడ్ల ఓడలతో పాటు పై అంతస్తులో ఇక్కడి నుంచి అమెరికాలకు వలసపోయిన పేద ఇటాలియన్ల కథ చూపిస్తారు. ఓడలో మూడో తరగతి పడకల వరుసలు చూసి బయటికి వచ్చినప్పుడు, మన వీసా కష్టాల గురించి ఫిర్యాదు కాసేపు ఆగుతుంది.

మధ్యాహ్నం సందుల గుండా ఎక్కుతూ వయా గరిబాల్దికి చేరండి. మూలమూలనా గోడల్లో మేరీమాత గూళ్లు కనిపిస్తాయి, కొన్నిటి ముందు ఇంకా దీపం వెలుగుతుంటుంది. దారిలో సాన్ మత్తెయో అనే చిన్న కూడలి ఉంది, దోరియా వంశంవారి చర్చి, ఇళ్లు అన్నీ చారల రాళ్లతో అక్కడ ఎదురుబొదురుగా నిలబడ్డాయి. ఇక వయా గరిబాల్ది అంటే 16వ శతాబ్దపు బ్యాంకర్లు పోటాపోటీగా కట్టుకున్న భవంతుల వీధి. అప్పట్లో జెనోవా గణతంత్రానికి రాజభవనం లేదు. విదేశీ రాజులు, రాయబారులు వస్తే ఎక్కడ దింపాలి? 1576లో సెనేట్ ఊళ్లోని గొప్ప ఇళ్ల పట్టిక రాయించింది. వచ్చిన అతిథి స్థాయిని బట్టి, ఆ స్థాయి ఇళ్ల పేర్లలోంచి చీటీ తీసేవారు. ఎవరి పేరు వస్తే వాళ్ల ఇంట్లో విడిది. ఆ పట్టికల్లోని 42 భవంతులు 2006లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కాయి. ఏడాదిలో కొన్ని రోజులు, ముఖ్యంగా వసంతంలోనూ అక్టోబరులోనూ, మామూలుగా తాళం వేసి ఉండే ఇళ్లు కూడా తెరుస్తారు. ఆ తేదీలు కుదిరితే మిగతా ప్రణాళిక పక్కన పెట్టేయండి.

మామూలు శనివారమైతే రొస్సొ, బియాంకొ, తుర్సి అనే మూడు భవంతులు ఒకే టికెట్‌తో చూడవచ్చు. తుర్సిలో వయొలిన్ విద్వాంసుడు పగనీని వాయించిన వయొలిన్ ఉంది. 1743లో గ్వార్నేరి చేసింది, దాని గొంతు విని ఆయన "ఫిరంగి" అని పేరు పెట్టుకున్నాడు, చనిపోతూ పుట్టిన ఊరికి రాసిచ్చాడు. అద్దం వెనక దాని చెక్క మీద, ఆయన గడ్డం ఆనిన చోట వార్నిష్ అరిగిపోయి కనిపిస్తుంది. రొస్సొలో బొమ్మలు చూసే ఓపిక లేకపోయినా ఇంటి కప్పు పైకి మాత్రం ఎక్కండి.

పొద్దు వాలుతుండగా పోర్తెల్లో కూడలికి నడవండి, దగ్గరే. కొండలోకి పోయే సొరంగం చివర కాస్తెల్లెత్తొ లిఫ్టు ఉంటుంది, 1909 నాటిది. తలుపు తెరుచుకుంటే ఊరంతా కాళ్ల కింద: పలక రాళ్ల నల్లటి కప్పులు, వాటి మీద బట్టలు ఆరేసిన డాబాలు, రేవులో క్రేన్లు, ఆ చివర 77 మీటర్ల లాంతెర్నా దీపస్తంభం. 1543 నుంచి అదే చోట వెలుగుతోంది. బెంచీల మీద జనం ఐస్‌క్రీం తింటూ కూర్చుంటారు. చీకటి పడే దాకా ఉండండి. దిగేటప్పుడు లిఫ్టు వద్దు, మెట్ల దారిలో రండి, మోకాళ్లు సహకరిస్తే.

ఆదివారం పొద్దున స్తాల్యెనో శ్మశానవాటికకు వెళ్లమంటాను. సెలవు రోజున శ్మశానమా అని చుట్టాలు నోరు తెరుస్తారు, తిరిగి వచ్చేటప్పుడు అందరికంటే ఎక్కువ ఫొటోలు తీసినవాళ్లూ వాళ్లే. 1851లో తెరిచిన ఈ వాటిక వరండాల్లో 19వ శతాబ్దపు వ్యాపారులు, డాక్టర్లు, వాళ్ల భార్యాపిల్లలు పాలరాతిలో బతికి ఉన్నట్టే నిలబడి ఉంటారు. వాళ్లందరి మధ్య నాకు కావలసినది కతెరీనా కంపొదోనికొ. సంతల్లో హేజల్ గింజల దండలు, గుండ్రటి రొట్టెలు అమ్ముకుని బతికిన మనిషి. జీవితమంతా కూడబెట్టిన డబ్బుతో, ఊరి గొప్పవాళ్ల విగ్రహాలు చెక్కే లొరెంజొ ఒరెంగొను పిలిపించి 1881లో తన విగ్రహం చెక్కించుకుంది. బతికుండగానే. దగ్గరికి వెళ్లి చూడండి. పండగ బట్టలు, శాలువా అంచుకు వేలాడే కుచ్చులు విడివిడిగా లెక్కపెట్టవచ్చు. లేసు జాకెట్టు మీద మడతలు, చెవులకు పోగులు. రెండు చేతుల్లో తన సరుకు, దండ కట్టిన గింజలు, రొట్టెలు. ముఖంలో నవ్వు లేదు, బేరం తెగిందాకా ఆగే ముఖం. చుట్టూ ఉన్న బ్యాంకర్ల విగ్రహాల కంటే ఆమె దగ్గరే ఎప్పుడూ పూలుంటాయి. వేళలు పొద్దున్నుంచే, ప్రిన్చిపె నుంచి సిటీ బస్సు నేరుగా వెళ్తుంది. భుజాలు కప్పే బట్టలు వేసుకోండి, అంత్యక్రియలు జరుగుతుంటే కెమెరా లోపల పెట్టేయండి.

మధ్యాహ్నానికి బ్రిన్యోలె చేరి లోకల్ రైలెక్కితే పావుగంటలోపే నెర్వి. స్టేషను దిగగానే రాళ్ల అంచున సముద్రం పక్కనే దాదాపు 2 కిలోమీటర్ల నడక దారి ఉంది. ఒక పక్క అలలు, ఒక పక్క రైలు పట్టాలు, నడుమ పిల్లల బళ్లు తోసుకుంటూ ఊరి జనం. ఇసుక ఉండదు, ఈత కావాలంటే రాళ్ల మీంచే దిగాలి. చెప్పుల బదులు బూట్లు మేలు.

పెస్తో, ఎండు పుట్టగొడుగులు, పందోల్చె కేకు లాంటివి ఇంటికి కొనుక్కోవాలంటే శనివారమే కొనండి. వయా వెంతి సెత్తెంబ్రెలో ఉన్న ఒరియెంతాలె బజారు కూరగాయల కొట్లు ఆదివారం మూసి ఉంటాయి. మ్యూజియాలు సోమవారం మూస్తారు, కాబట్టి ఒక రోజు పొడిగిద్దామనే ఆలోచన ఉంటే ఆదివారం వైపు కాకుండా శుక్రవారం వైపు పొడిగించండి.

తిరుగు రైలు ప్రిన్చిపె నుంచి. ఒక అరగంట ముందుగా చేరుకుంటే స్టేషను పక్కనే వయా బాల్బిలో మోంతెగల్లెత్తొ లిఫ్టు ఎక్కండి. ఈ పెట్టె ముందు రైలులా కొండ లోపలికి 200 మీటర్లకు పైగా అడ్డంగా పోతుంది. తర్వాత ఆగి, గట్టిగా కదిలి, మరో యంత్రానికి తగులుకుని అలాగే నిలువునా 72 మీటర్లు ఎక్కుతుంది. మీరు దిగనక్కరలేదు, అద్దంలోంచి అంతా కనిపిస్తుంది. పైన కెప్టెన్ ద ఆల్బెర్తిస్ కట్టించుకున్న కోట ఉంది, ఓడల మీద ప్రపంచమంతా తిరిగి పోగేసిన వస్తువులతో మ్యూజియం. దానికి వేళ ఉండకపోవచ్చు. లిఫ్టు మరమ్మతులో ఉందని బోర్డు పెట్టే రోజులూ ఉంటాయి కాబట్టి, శుక్రవారం దిగినప్పుడే ఒకసారి చూసుకోండి.